అన్నిటికీ టిక్ పెట్టకండి, అన్నీ పీకెయ్యకండి

బల్లల కింద ఉద్యోగం

కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి వచ్చే పిల్లలు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ ఉద్యోగం సగం బల్లల కింద గడుస్తుంది. నందిగామలో, జగ్గయ్యపేటలో నేను దూరని బల్ల లేదు. ఏ ఆఫీసులో ఎవరు చూయింగ్ గమ్ ఎక్కడ అంటిస్తారో, ఏ బ్యాంకు మూలలో ఎలుక కాపురం పెట్టిందో నన్నడగండి, చెబుతాను. నన్నెవరూ దండ వేసి రిటైర్ చెయ్యలేదు. నా మోకాళ్లు చేశాయి.

నా పేరు మెహరున్నీసా. మాది జగ్గయ్యపేట. మా ఆయన లారీ డ్రైవర్. ఆయన రోడ్డు మీద ఉంటే నేను ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. అది అయ్యాక నందిగామలో కామేశ్వరరావు గారి కంప్యూటర్ షాపులో పనికి కుదిరి, మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే ఉన్నాను.

మొదట్లో పిలిచినవాళ్లు తలుపు తీసి, నన్ను చూసి, నా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగిచూసేవారు.

"మెకానిక్ రాలేదామ్మా?"

"వచ్చాడండి. చీర కట్టుకొచ్చాడు," అనేదాన్ని.

కొందరు నవ్వేవారు. కొందరికి అర్థమయ్యేలోపు నేను బల్ల కింద ఉండేదాన్ని.

ఓనరు గారి వడ్డన

కామేశ్వరరావు గారిది బట్టల హోల్‌సేల్ కుటుంబం. తమ్ముళ్లు చీరలు చూసుకుంటుంటే ఈయన కంప్యూటర్లలోకి దిగారు. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది బహు తక్కువ. అమ్మడం గురించి ఆయనకు తెలియంది లేదు. మానిటర్‌ను కూడా అంచు చూపించి అమ్మగల మనిషి.

యాంటీవైరస్ విషయంలో ఆయనకొక సిద్ధాంతం ఉండేది. ఈ పనికి కొత్తవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. యాంటీవైరస్ అంటే ఒక్క వస్తువు కాదు, కొన్ని ముక్కల మూట. ఒక ముక్క మనం తెరిచే ప్రతి ఫైలునూ చూస్తుంది. ఒకటి పెన్‌డ్రైవ్‌ను పడుతుంది. ఒకటి మెయిల్‌ను, ఒకటి ఇంటర్నెట్‌లో చూసే పేజీలను కాపలా కాస్తుంది. ఇవి కాక చెత్త ఊడ్చేదొకటి, పాస్‌వర్డులు దాచేదొకటి, "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అని ఊరికే బెదిరించేదొకటి. ఎక్కించేటప్పుడు ఏయే ముక్కలు కావాలో అడుగుతుంది. కావాల్సినవాటికి టిక్కు ఉంచి మిగతావాటికి తీసెయ్యొచ్చు.

"అన్నిటికీ పెట్టమ్మా," అనేవారు ఓనరు గారు. "రేపు కస్టమరు అడిగితే అన్నీ వేశామండీ అని చెప్పొచ్చు."

"వాళ్లకి మెయిలే లేదండి. మెయిల్ కాపలా ఎందుకు?"

"లేకపోతే మాత్రం? విస్తట్లో వడ్డిస్తే పోయేదేముంది, తినకపోతే వదిలేస్తారు."

పోయేది ఏమిటంటే, కంప్యూటర్ వదిలెయ్యదు. వడ్డించినదంతా తినాలి దానికి. పాత సీపీయూ, అరకొర మెమరీ. పొద్దున ఆన్ చేస్తే ఈ కాపలాదారులందరూ ఒకేసారి లేచి ఒళ్లు విరుచుకుంటారు. ఇంకో పని చెయ్యడానికి చోటుండదు. మౌస్ కదలదు, మనం కొట్టిన అక్షరం మనం టీ తాగివచ్చాక కనబడుతుంది. హ్యాంగ్ అంటే ఇదే. అప్పుడు మళ్లీ షాపుకే ఫోన్ చేస్తారు. ఓనరు గారికి ఇందులో ఇబ్బందేమీ కనబడలేదు.

వత్సవాయి కాటా

వత్సవాయి దగ్గర నాగేశ్వరరావు గారని ఒకాయనకు పత్తి మిల్లు ఉండేది. లోపలికి వచ్చే ప్రతి ట్రాక్టరూ కాటా మీద ఆగాలి. కాటా గదిలో ఎర్ర అంకెలు చూపించే ఒక పెట్టె, దానికి వైరుతో కలిపిన కంప్యూటర్. పెట్టెలో అంకె కంప్యూటర్‌లోకి వెళ్తుంది, గుమాస్తా బటన్ నొక్కితే తూకం చీటీ బయటికొస్తుంది.

పత్తి తీసే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు. ఆయన మాట కన్నా వెనకాల అరుపులే ఎక్కువ వినపడుతున్నాయి.

"అమ్మా, అర్జెంటుగా రా. కొట్టేట్టున్నారు."

"ఏమైందండి?"

"కంప్యూటర్ స్ట్రక్కయింది. నువ్వు బయల్దేరు ముందు."

నేను వెళ్లేసరికి ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేశాయి. మబ్బు పట్టి ఉంది. తడిస్తే పత్తి ధర పడిపోతుంది కాబట్టి అందరి కళ్లూ ఒకసారి ఆకాశం మీద, ఒకసారి కాటా గది మీద. గది గుమ్మానికి అడ్డంగా తిరపతమ్మ అనే రైతు నిలబడి ఉంది. చేతిలో రెండు చీటీలు.

"ఏందమ్మా, నువ్వేనా రిపేరు చేసేది? ఇది చూడు. మా ముందు బండి సగానికి సగం ఖాళీ. నా బండి తాళ్లు తెగేట్టుంది. ఇద్దరికీ ఒకటే తూకం ఎట్టా వచ్చిద్ది?"

చీటీలు చూశాను. నిజమే. ఒకే అంకె.

జరిగింది ఇది. కంప్యూటర్ బిగుసుకుపోయి, తెర మీద ముందు బండి తూకం అలాగే నిలిచిపోయింది. గుమాస్తా కంగారులో అదే బటన్ పదేపదే నొక్కాడు. కంప్యూటర్‌కు ఊపిరి వచ్చినప్పుడు ఆ నొక్కులన్నిటికీ పాత తూకంతోనే చీటీలు కక్కింది. తిరపతమ్మ కంటికి మాత్రం అది పట్టపగలు దొంగతనం. ఆమె స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని.

నాగేశ్వరరావు గారు నా చెవి దగ్గరకొచ్చి, "ఫార్మాట్ కొట్టి పారెయ్యమ్మా, గోల వదిలిద్ది," అన్నారు.

కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం ఫార్మాట్. పని రాని మెకానిక్‌కు అదే మొదటి మందు, అదే చివరి మందు.

"ఇప్పుడు ఫార్మాట్ కొడితే పొద్దుట్నించీ వేసిన తూకాలన్నీ పోతాయండి. మోసం చేసి సాక్ష్యం చెరిపేశారంటారు. నన్ను కూడా కలిపి కొడతారు."

ఆయన వెనక్కి తగ్గారు. నేను ఎర్ర అంకెల పెట్టెను ఎత్తి కిటికీలో, రైతులకు కనబడేలా తిప్పి పెట్టాను.

"తూకం చేసేది కాటా. అంకె ఈ పెట్టెలో ఉంటది. కంప్యూటర్ దాన్ని చూసి రాసుకునేది మాత్రమే," అని గట్టిగా చెప్పాను. "నేను బాగుచేసేదాకా అంకె మీరే చదవండి, గుమాస్తా చేత్తో రాస్తాడు."

తిరపతమ్మ బండిని మళ్లీ కాటా ఎక్కించారు. అంకె పైకి పోతుంటే జనం గొంతు తగ్గుతూ వచ్చింది. ఆమె పెట్టెనూ నన్నూ మార్చిమార్చి చూసి, "సరే. కానీ నేను ఇక్కణ్ణించి కదల్ను," అని గుమ్మంలోనే కూర్చుంది.

ఇక నేను బల్ల కింద దూరాను. సీపీయూ మూత తీస్తే లోపల ఫ్యాను కనబడలేదు. పరుపు కుట్టేవాడికి పనికొచ్చేంత దూది ఉంది. "దొరికింది!" అన్నాను గొప్పగా. శుభ్రం చేసి ఆన్ చేశాను. చకచకా నాలుగైదు బండ్లు తూగాయి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నాగేశ్వరరావు గారు నాకు కూల్‌డ్రింక్ తెప్పించారు. మూత తీసి నోట్లో పెట్టుకోబోతుంటే తెర మళ్లీ బిగుసుకుంది.

"ఏందమ్మా, దూదేనా?" అంది తిరపతమ్మ.

కనబడిన తప్పే అసలు తప్పు అనుకోకండి. ఫ్యానులో దూది ఉండటం నిజమే, తియ్యాల్సిందే. కంప్యూటర్‌ను ఆపుతున్నది మాత్రం వేరేది. అప్పుడు నేను ముందే చెయ్యాల్సిన పని చేశాను. చేతులు ముడుచుకుని కూర్చుని, అది ఎప్పుడు ఆగుతోందో చూశాను. బండి ఎక్కేటప్పుడు ఆగడం లేదు. అంకె వచ్చేటప్పుడు ఆగడం లేదు. చీటీ బటన్ నొక్కి ఆ తూకం కంప్యూటర్‌లోకి వెళ్లేటప్పుడు ఆగుతోంది.

ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో తెరిచి చూశాను. మా ఓనరు గారు వడ్డించిన యాంటీవైరస్ అన్ని ముక్కలతో సహా ఉంది. దాని పక్కనే ఇంకొక యాంటీవైరస్ ఉంది.

"ఇదెవరు వేశారండి?"

నాగేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "మా అల్లుడు. ఫ్రీగా వస్తందని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేశాడు. రెండుంటే ఇంకా గట్టిదనం కదమ్మా?"

ఒకే గుమ్మానికి ఇద్దరు వాచ్‌మన్లను పెట్టారు. తూకం నమోదైన ప్రతిసారీ ఆ ఫైలును ఒకడు సోదా చేస్తున్నాడు. ఆ సోదా చేసేవాణ్ణి రెండోవాడు అనుమానిస్తున్నాడు. పొద్దుపోయే కొద్దీ తూకాల ఫైలు పెద్దదవుతోంది, సోదా ఆలస్యమవుతోంది. పైగా కంప్యూటర్ మొత్తాన్నీ వెతికే పెద్ద సోదా సరిగ్గా బండ్లు వచ్చే వేళకే మొదలయ్యేలా పెట్టి ఉంది.

అల్లుడు గారి ఉచిత కానుకను తీసేశాను. మా దాంట్లో మెయిల్ కాపలా, పేజీల కాపలా, పాస్‌వర్డులు దాచేది, ఊడ్చేది, బెదిరించేది తీసేశాను. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్టే లేదు, ఇంక వాటితో పనేముంది. ఫైళ్లను చూసే ముక్కను ఉంచాను. పెన్‌డ్రైవ్‌ను పట్టే ముక్కను తప్పనిసరిగా ఉంచాను. లెక్కలు తీసుకెళ్లడానికి ఆడిటర్ గారి మనిషి పెన్‌డ్రైవ్ తెస్తాడు, ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో దేవుడికే తెలుసు. పెద్ద సోదాను మిల్లు మూసే వేళకు మార్చాను.

మళ్లీ బండ్లు కదిలాయి. తిరపతమ్మ లేచి నిలబడి, పెట్టెలో అంకె, తెర మీద అంకె, చీటీలో అంకె పక్కపక్కన పెట్టి చాలా బండ్లకు చూసింది. అప్పుడు నాగేశ్వరరావు గారి వైపు తిరిగి, "దొంగన్నాను. కాదులే," అంది. ఆయన జీవితంలో అంత చిన్న క్షమాపణకు అంత పెద్దగా సంతోషించి ఉండరు.

"పెట్టె మాత్రం కిటికీలోనే ఉంచమను," అని నాతో అంది వెళ్తూ. అది మంచి మాట. నేనూ అదే చెప్పి వచ్చాను.

సగం కథ ఊరంతా తిరిగింది

షాపుకొచ్చి జరిగింది చెబితే కామేశ్వరరావు గారు కౌంటర్ మీద చరిచి మురిసిపోయారు. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి కస్టమరుకూ అదే కథ.

"మా మెహరు వత్సవాయిలో యాంటీవైరస్ పీకి పారేసిందండి. కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తింది!"

ఏది పీకానో, ఏది ఉంచానో ఆయన చెప్పలేదు. ఆ భాగం చెబితే కథ సాగదీసినట్టవుతుంది, వినేవాడి ముఖంలో వెలుగు తగ్గుతుంది. అమ్మేవాళ్లకు ఆ వెలుగు కావాలి.

ఆ కథ విన్నవాళ్లలో జగ్గయ్యపేట ఫోటో స్టూడియో శ్రీను ఒకడు. పెళ్లి ఆల్బమ్‌లు చేసేటప్పుడు వాడి కంప్యూటర్ తరచూ హ్యాంగయ్యేది. నన్ను అడిగి ఉంటే ఫోటోల ఫోల్డర్లు ఏం చెయ్యాలో, మెమరీ ఎంత పెంచాలో చెప్పేదాన్ని. అడగలేదు. స్టూడియోకెళ్లి యాంటీవైరస్‌ను మొదలంటా పీకేశాడు. నిజంగానే వేగం పెరిగింది. కొన్నాళ్లు నా పేరు చెప్పుకుని ఆనందించాడట కూడా.

తర్వాత ఒక పొద్దున ఫోన్.

"అక్కా, ఫోటోలు తెరుచుకోవట్లేదు. అన్నిటి పేర్లూ మారిపోయినాయి. ఏదో ఇంగ్లీషులో రాసుంది, డబ్బు కట్టమంటంది."

"ముందు ఇంటర్నెట్ వైరు పీకు. ఇంకేం ముట్టుకోకు, వస్తున్నా," అన్నాను.

ఆల్బమ్ డిజైన్లు ఉచితంగా ఇస్తామన్న చోటి నుంచి ఏదో దించుకున్నాడు. దాంతోపాటు వచ్చింది ఫైళ్లన్నిటికీ తాళం వేసేసింది. కాపీ ఉందా అంటే, ఉందన్నాడు. బయటి డిస్కులో పెట్టాడు. ఆ డిస్కును కంప్యూటర్‌కు తగిలించే ఉంచాడు. దానికీ తాళం పడింది. ఎప్పుడూ తగిలించి ఉండే కాపీ కాపీ కాదు. ఈ వాక్యం మీ బల్ల మీద అతికించుకోండి.

కెమెరా కార్డులు తెప్పించాను. వాటిని తర్వాతి ఫంక్షన్‌కు వాడేశాడు. వెతికే ప్రోగ్రాములన్నీ పెట్టి చూశాను. వచ్చినవి కొన్ని, అవీ సగాలు. పై సగం పెళ్లికూతురు, కింది సగం బూడిద రంగు.

"డబ్బు కడితే ఇస్తారా అక్కా?"

"ఇస్తారని ఎవరు హామీ, వాళ్లా?"

శ్రీను ఆ సగం ఫోటోలు ఒక్కొక్కటీ మూసేశాడు. తర్వాత, "చెవిటికల్లు వాళ్లకి నేనెట్టా చెప్పాలక్కా?" అన్నాడు. ఇంకా ఇవ్వనిది ఆ ఊరి పెళ్లి ఆల్బమ్ ఒక్కటే. ఆ పెళ్లైన కొద్ది రోజులకే పెళ్లికూతురి తాత పోయాడు. ఆయన ఆఖరి ఫోటోలు ఆ పెళ్లివే.

చెవిటికల్లు

సంగతి కామేశ్వరరావు గారికి చెప్పాను. ఆయన మానిటర్ అట్టపెట్టె ఒకటి మూస్తూ, తీస్తూ, మూస్తూ కూర్చున్నారు.

"పీకేసిందన్నాను. ఏం ఉంచావో చెప్పలేదు, కదూ?"

"చెప్పలేదండి."

వారంటీ ముగిసిన మౌస్ విషయంలో కూడా ఒక్క మాట పడని మనిషి ఆయన. లేచి కారు తాళాలు తీసుకున్నారు. "శ్రీనుని పిలువు. ముగ్గురం వెళ్దాం."

పెళ్లికూతురి ఇంట్లో ఆమె తల్లి మంచినీళ్లు తెచ్చింది. ఆల్బమ్ తెచ్చామనుకుంది. శ్రీను గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. ఎలాగో చెప్పాడు. ఆమె, "మా నాన్న ఉన్నయ్యి కూడానా?" అంది.

"అన్నీ అండి."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే మాకు తేలికగా ఉండేది. మంచం మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కామేశ్వరరావు గారు కుర్చీ వదిలి లేచారు. "తప్పు ఈ అబ్బాయిది ఒక్కడిదే కాదమ్మా. సగం మాట చెప్పి పాడు చేసింది నేను. మీరు తిట్టాలంటే నన్ను తిట్టండి."

తిట్టడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. మాట్లాడింది పెళ్లికూతురు, లావణ్య. "పెళ్లికొచ్చినోళ్లంతా ఫోన్లు ఎత్తుకునే తిరిగారు గదండి. అడిగితే ఇవ్వరా?" అంది.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు శ్రీను బండి మీద ఊరూరా తిరిగాడు. నేను కొందరి ఫోన్లు షాపుకు తెప్పించి, ముందు వాటిలో వైరస్‌లు వెతికి, తర్వాత ఫోటోలు దించాను. ఆ ఫోన్ల గురించి ఒక పుస్తకం రాయొచ్చు. పెళ్లికి వెళ్లి పెళ్లికొడుకును తప్ప మిగతావన్నీ తీసినవాళ్లున్నారు. ఒకాయన ఫోన్‌లో వంకాయ కూరవే చాలా ఉన్నాయి. వేలు అడ్డం పడినవి, తల తెగినవి, తాళి కట్టేటప్పుడు తలంబ్రాల పళ్లెం మాత్రమే పడినవి. తాత ఒకటి రెండిట్లో వెనకాల మసగ్గా ఉన్నాడు. శ్రీను ముఖం రోజురోజుకూ పీక్కుపోయింది.

చివరికి వంటవాళ్ల మనిషి ఒకతను, పని ఎలా చేశామో చూపించుకోడానికి భోజనాల దగ్గర తీసిన వీడియో దొరికింది. అది పట్టుకుని మళ్లీ ముగ్గురం చెవిటికల్లు వెళ్లాం.

ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి వీడియో నడిపాను. బంతి సాగుతోంది. వడ్డించేవాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. వరస చివర తాత, కొత్త కండువాతో, బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. వడ్డించేవాడు లడ్డూల గిన్నెతో వస్తే చేత్తో వద్దని సైగ చేశాడు. అప్పుడే పక్క నుంచి పెళ్లికూతురి తల్లి వచ్చి, ఆయన విస్తట్లోకి ఒకసారి చూసి, సంతృప్తిగా వెళ్లిపోయింది. ఆమె వీపు తిరగ్గానే తాత కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, వడ్డించేవాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఒక లడ్డూ నోట్లోకి, ఇంకోటి కండువా కిందికి వెళ్లాయి. ఆనక కెమెరా వైపు చూసి, బుగ్గ ఉబ్బరించుకుని, ఎవరికీ చెప్పొద్దన్నట్టు వేలు పెదాల మీద పెట్టాడు.

పెళ్లికూతురి తల్లి తెర మీదికి వంగింది.

"ఓరి నాయనో!" అంది ఆమె. "నాన్నా! షుగరు మూడొందలుంటే లడ్డూలా? అందుకా మర్నాడు కళ్లు తిరుగుతున్నయ్యన్నావు? అడిగితే ఎండ అన్నాడండి! ఎండంట!"

తెర మీది తండ్రిని వేలు చూపించి తిడుతూనే ఉంది. తిడుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. లావణ్య తల్లి భుజం మీద తల పెట్టింది. కామేశ్వరరావు గారు గుమ్మంలోకి వెళ్లి వీధి వైపు తిరిగి నిలబడ్డారు.

ఆమె ముఖం తుడుచుకుని, ల్యాప్‌టాప్‌ను తన ఒళ్లోకి లాక్కుంది.

"మళ్లీ పెట్టమ్మా," అంది నాతో. "కండువాలో దాచేకాడ్నించి."